పేరు పొడవును బట్టి పోయిన ఇళ్ళు

మొత్తం ఇళ్ళు 214. ఫోటోలు మిగిలినవి 16. పోయినవి 198.

పోయిన వాటిలో పెంకుటిళ్ళు 83, రేకుల ఇళ్ళు 41, డాబాలు 74. ప్రతి ఇంటినీ నేనే టేపు పట్టి కొలిచాను కాబట్టి ఈ లెక్క ఎక్కడా చూడకుండా చెప్పగలను. టేపుకు అందనివి కూడా ఆ ఫోటోల్లో ఉన్నాయి. ఒక అరుగు మీద తల దువ్వుకుంటూ నన్ను చూసి పళ్ళు లేని నోటితో నవ్విన పెద్దవ్వ ఉంది. ఒక గోడ మీద బొగ్గుతో గీసిన పాలలెక్క గీతలున్నాయి. చర్చి వెనక ఇంటి తలుపుకు ఎప్పుడో పండుగకు అతికించి తీయడం మరిచిన రంగు కాగితం నక్షత్రం ఉంది. ఒక ఇంట్లో సామాను మొత్తం ట్రాక్టరెక్కాక కూడా కిటికీ ఊచల మీద ఒక చిన్న గౌను ఆరుతూ ఉంది. వీటిని ఏ వరుసలో వేసి కూడాలో నాకు తెలియదు.

ఇళ్ళు నీళ్ళలో పోయాయి కదా అని అడగొచ్చు. పోయాయి. అది అందరం చూస్తుండగా, నోటీసులిచ్చి, గడువు పెట్టి జరిగింది. నేను చెప్పేది అవి రెండోసారి పోవడం గురించి. అది కరీంనగర్‌లో నా దుకాణంలో, ఒక మధ్యాహ్నం, ముందున్న టీ చల్లారేలోపు జరిగింది.

నేను చదివింది తొమ్మిది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు, మేస్త్రీలకు లెక్కలు వేసి పెడతాను. గోడకు ఇటుకలెన్ని, స్లాబుకు ఇనుమెంత, సిమెంటు ఎన్ని బస్తాలు అని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు కట్టుబడి కూలికి పోయి, మేస్త్రీ చెప్పిన లెక్కకు, మిగిలిపోయిన ఇటుకలకు ఎందుకు పొంతన కుదరడం లేదో ఆలోచించి ఆలోచించి నా అంతట నేను పట్టుకున్న విద్య. తర్వాత కంప్యూటర్ కూడా అట్లాగే పట్టుకున్నాను. ఒక మీట నొక్కితే ఏమవుతుందో చూసి, మళ్ళీ నొక్కి.

మా ఊరు గోదావరికి దగ్గర, మంచిర్యాలకు పోయే దారిలో లోపలికి ఉండేది. మొదట ప్రాజెక్టు ముంపులో లేదన్నారు. తర్వాత ఉందన్నారు. పరిహారం కోసం కొలతలకు మనుషులు వచ్చినప్పుడు, మావాళ్ళు నన్ను కూడా పిలిపించి ప్రతి ఇంటినీ విడిగా కొలిపించుకున్నారు. టేపు చుట్టేశాక ఒక్కో ఇంటికి ఒక్కో ఫోటో తీశాను. ఇల్లు మొత్తం, గడప నుంచి కప్పు దాకా, ఒకే చట్రంలో వచ్చేటట్టు. అది నా పట్టుదల. కోణం కుదరకపోతే ఎదురింటి మీదికెక్కి తీశాను.

మా ఊళ్ళో ఇంటిపేర్లతో పని నడవదు. ఒకే ఇంటిపేరు ముప్పై ఇళ్ళకు ఉంటుంది. అందుకని ఇల్లు ఎక్కడ ఉందో, ఎట్లా ఉందో అదే ఆ ఇంటివాళ్ళ పేరు. బావికాడోళ్ళు, మేడింటోళ్ళు, సావడెనకోళ్ళు, సందుచివరోళ్ళు. పెళ్ళిపత్రికలో ఏం అచ్చువేసుకున్నా పిలుపు మాత్రం ఇదే. రెండిళ్ళకు ఒకే పేరు ఉండదు. ఉంటే ఆ పేరుతో పనేముంది. ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఫైళ్ళకు కూడా ఆ పేర్లే పెట్టాను: బావికాడ, మేడింటి, సావడెనక, సందుచివర. తెలుగులోనే టైపు చేశాను. ఇంగ్లీషులో రాస్తే డకారం దకారం ఒకటైపోతాయి, లకారం ళకారం ఒకటైపోతాయి. తెలుగైతే పొరపాటుకు తావుండదనుకున్నాను.

ఊరు ఖాళీ అయింది. రోడ్డు పక్కన కొత్త కాలనీ వచ్చింది. అక్కడ ఇళ్ళన్నీ ఒకే కొలత, ఒకే రంగు, పైగా నంబర్లు. కొన్నాళ్ళకు కాలనీవాళ్ళకు ఒక కోరిక పుట్టింది. పాత ఊరి ఇళ్ళన్నీ నెట్‌లో ఒక పేజీ చేసి పెట్టాలి, ఎవరు ఏ దేశంలో ఉన్నా తెరిచి చూసుకోవాలి. ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి పని నా మీద పడింది.

అందరికంటే ముందు అడిగినవాడు మస్కట్‌లో ఉన్న ఒక తమ్ముడు. అతని భార్య కాలనీలోనే ఉంటుంది. వాళ్ళది పచ్చగేటు ఇల్లు. అతను మస్కట్ పోయిన రెండో ఏడు ఆమె ఒక్కతే నిలబడి కట్టించింది. గేటు పచ్చగా ఉండాలని అక్కడి నుంచి అతను పట్టుబట్టాడు కాబట్టి, ఊళ్ళోవాళ్ళు రంగు ఆరకముందే పేరు పెట్టేశారు. నాలుగేళ్ళు అతనికి రావడం పడలేదు. కాగితాలేవో కంపెనీ దగ్గర ఇరుక్కున్నాయి. ఇల్లు లేచింది, నిలిచింది, నీళ్ళలోకి పోయింది. అతను దాన్ని చూడలేదు.

వీడియో కాల్‌లో చూశాడు. కానీ వాళ్ళ సందు వెడల్పు తొమ్మిదడుగులు. ఎదురుగోడకు వీపు ఆనించి నిలబడినా ఫోనులో ఇల్లు మొత్తం పట్టదు. ఆమె ఒకరోజు గేటు చూపించేది, ఒకరోజు గచ్చు, ఒకరోజు కిటికీ ఊచలు. ఆ ఫోను కూడా సామాను సర్దే హడావుడిలో నీళ్ళతొట్టిలో పడి చచ్చిపోయింది. ఇల్లు మొత్తం ఒక్కచోట ఉన్నది నా ఫోటోలోనే. ఎదురు డాబా ఎక్కి, పిట్టగోడ మీద కూర్చుని తీసింది.

"అన్నా, గేటు జూసిన, గోడలు జూసిన," అన్నాడతను ఫోనులో. "ఇల్లు జూడలే. ఒక్కసారి మొత్తం జూపెట్టు."

పంపిస్తానన్నాను. అయితే ఒక చిక్కు ఉంది. నా ఫోను కొత్తరకం. అది ఫోటోలను కూడా కొత్తరకం ఫైలుగా దాస్తుంది. చోటు తక్కువ తింటుంది, బొమ్మ బాగుంటుంది, కానీ మామూలు ఫోన్లలో తెరుచుకోదు. కాలనీ గ్రూపులో సమ్మక్క గద్దె ఫోటో ఒకటి పంపి చూస్తే నల్ల డబ్బా వచ్చిందని ఒకరు, ఏమీ రాలేదని ఇంకొకరు అన్నారు. వెబ్ పేజీ కూడా ఆ రకాన్ని తీసుకోదు. దానికి జేపీజీ కావాలి, అదీ చిన్న సైజులో. అంటే 214 ఫోటోలనూ జేపీజీలోకి మార్చాలి. మస్కట్ తమ్ముడిది ఒక్కటి ముందు మార్చి పంపొచ్చు. కానీ ఒకరికి ముందు పంపితే మిగిలిన 213 ఇళ్ళవాళ్ళు నన్ను బతకనివ్వరు. అందరివీ ఒకేసారి మార్చి, ఒకేసారి పెడదామనుకున్నాను.

ఫోటోలు అప్పటికి ఒక పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఫోను నిండిపోయి అందులోవి తీసేశాను. కంప్యూటర్‌లో ఉన్న కాపీ అంతకుముందు ఎండాకాలం హార్డ్‌డిస్క్‌తో పాటే పోయింది. ఎట్లాగూ మారిస్తే చిన్నవవుతాయి కదా, అప్పుడు రెండు మూడు కాపీలు చేసి తలా ఒకచోట పెడదామని ఆగాను. ఫోటోలు మార్చే ఒక ఉచిత ప్రోగ్రాం దించుకున్నాను. తెర మీద నాలుగు పెట్టెలున్నాయి. ఏ రకంలోకి మార్చాలి, ఎంత సైజు, ఎక్కడ పెట్టాలి. నాలుగోదానికి ముందే టిక్కు పెట్టి ఉంది: మార్చిన తర్వాత అసలు ఫైలు తీసేయమని. సరే, రెండు రకాలూ ఉంటే గందరగోళమే కదా అనుకున్నాను. మీట నొక్కాను. టీ వచ్చింది. పచ్చగీత ఎడమ నుంచి కుడికి పాకింది. చివర ఒక చిన్న కిటికీ తెరుచుకుని లెక్క చెప్పింది.

పూర్తయినవి 214. లోపాలు 0.

నాకు అంకెలంటే నమ్మకం. మనిషి చెప్పినదానికంటే అంకె చెప్పినది త్వరగా నమ్ముతాను. ఫోల్డర్ తెరిచాను. 16 ఫైళ్ళున్నాయి.

ఇంకా లోడవుతున్నాయనుకున్నాను. మూసి మళ్ళీ తెరిచాను. 16. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. 16. వాటికి పేర్లు లేవు. పేరు ఉండాల్సిన చోట అడుగున గీతలున్నాయి, పరీక్ష పేపర్లో ఖాళీలు పూరించమని ఇచ్చే గీతలలాగా. ఒకదానికి నాలుగు గీతలు, ఒకదానికి ఐదు, ఒకదానికి ఆరు. అట్లా పెరుగుతూ చివరిదానికి పంతొమ్మిది. అసలు ఫైళ్ళున్న ఫోల్డర్ తెరిచాను. ఖాళీ. పక్క దుకాణంవాడు ఏదో అడుగుతూ లోపలికి వచ్చి, నా మొహం చూసి, అడగకుండానే వెనక్కి పోయాడు.

ఏం జరిగిందో పట్టుకోవడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. మిగిలిన 16 ఫోటోలు తెరిచి, ఏ ఇల్లో గుర్తుపట్టి, ఒక్కోదాని అసలు పేరు గీతల పక్కన పెట్టి చూశాను. ఆ ప్రోగ్రాంకు తెలుగు రాదు. తెలుగు అక్షరం కనపడిన ప్రతిచోటా ఒక గీత గీసింది. అంతవరకు అర్థమైంది. కానీ లెక్క కుదరడం లేదు. వాగు అన్న ఇంటికి అక్షరాలు రెండు, గీతలు నాలుగు. సావడెనకకు అక్షరాలు ఐదు, గీతలు ఏడు. చాలాసేపటికి తట్టింది. మనకు వా అంటే ఒక అక్షరం. దానికి వ ఒకటి, దీర్ఘం ఒకటి. గు అంటే గ ఒకటి, కొమ్ము ఒకటి. గుడులు, కొమ్ములు, సున్నాలు, వత్తులు అన్నీ విడదీసి లెక్కపెట్టింది.

అట్లా లెక్కపెడితే బావికాడ ఏడు గీతలు. మేడింటి ఏడు గీతలు. సావడెనక ఏడు గీతలు. బళ్ళో పంతులు లెక్కలో నాలుగక్షరాలు, మూడక్షరాలు, ఐదక్షరాలు అయిన ఇళ్ళు మిషన్ లెక్కలో ఒకే ఇల్లు. బావికాడ ఇంటిని మార్చి ఏడు గీతల పేరుతో పెట్టింది. మేడింటిని మార్చి అదే పేరుతో దాని మీదే పెట్టింది. సావడెనకను తెచ్చి రెండింటి మీదా పెట్టింది. మధ్యలో ఏడు గీతల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో అన్నీ ఒకదాని కింద ఒకటి పోయాయి. ఏ పేరు చివర వస్తే ఆ ఇల్లు మిగిలింది. పనిచేసింది అకారాది వరుసలో కాబట్టి మిగిలిన పదహారింటిలో పద్నాలుగు మకారం తర్వాతి అక్షరాలతో మొదలయ్యేవే. అఆలతో మొదలయ్యే ఇల్లు ఒక్కటీ లేదు. మిషన్ అబద్ధం చెప్పలేదు. 214 మార్చింది. ఒక్కదాంట్లోనూ తప్పు చేయలేదు.

పచ్చగేటు ఎనిమిది గీతలు. ఎనిమిది గీతల ఫైలు తెరిస్తే సందుచివర ఇల్లు ఉంది, వాకిట్లో అడ్డంగా ఒక బర్రెతో సహా.

కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన బస్టాండు దగ్గర ఉంటాడు. పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టాను. వారం ఉంచుకున్నాడు. కొత్తవి పాతవాటి చోటులోనే రాసుకున్నాయని, తీసినా ఏదీ తెరుచుకోవడం లేదని చెప్పాడు. చివరికి నా కంప్యూటర్‌నే తెమ్మన్నాడు. ఫోల్డర్ తెరిచినప్పుడు వరుసగా కనపడే చిన్నచిన్న బొమ్మలను కంప్యూటర్ తన కోసం ఒక మూల దాచుకుంటుందట. అసలు ఫైలు పోయినా ఆ బొమ్మ కొన్నాళ్ళు ఉంటుందట. అట్లా వెతికితే, ఉన్న పదహారూ కాకుండా, ఇంకా 61 ఇళ్ళు దొరికాయి. తపాలా బిళ్ళంత సైజు. పెద్దది చేస్తే గళ్ళుగళ్ళుగా విడిపోతాయి. పేర్లు అసలే లేవు.

198లో 61 తీసేస్తే 137.

ఆ బొమ్మలు పట్టుకుని కాలనీకి పోయాను. ఏ బొమ్మ ఎవరిదో వాళ్ళే చెప్పాలి. కొన్ని నేను గుర్తుపట్టాను కానీ గూనపెంకుల ఇళ్ళు ఆ సైజులో అన్నీ ఒక్కతీరే కనపడ్డాయి. కమ్యూనిటీ హాల్లో టీవీకి కలిపి ఒక్కొక్కటి చూపిద్దామనుకున్నాం. అప్పటికే మస్కట్ తమ్ముడు వచ్చేశాడు. ఇక మళ్ళీ పోయే ఉద్దేశం లేదని వచ్చాడు. ముందు వరుసలో భార్య పక్కన కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆసుపత్రిలో పేరు పిలుస్తారని ఎదురుచూసేవాడిలాగా.

ముందు జరిగిందంతా చెప్పాను. గీతల సంగతి కూడా చెప్పాను. అర్థం కాలేదని మళ్ళీ చెప్పించుకున్నారు. అర్థమయ్యాక బావికాడి పెద్దవ్వ, ఊళ్ళో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు, కర్ర నేలకు ఆనించి లేచింది.

"నీళ్ళు గుడ ఎత్తు పల్లం జూసి ముంచినయ్ బిడ్డా," అన్నది. "నీ మిషిను కొమ్ములు దీర్ఘాలు జూసి ముంచిందా?"

అవునన్నాను. వెనక నుంచి ఎవరో, సందుచివరోడు బడిలో ఎప్పుడూ వెనక బెంచీయేనని, జిందగీలో మొదటిసారి వెనకుండడం కలిసొచ్చిందని అన్నారు. సందుచివరాయన మాత్రం నవ్వలేదు. తన ఇల్లొక్కటే నిగనిగలాడుతూ టీవీ నిండా కనపడుతుంటే, పక్కింటివాళ్ళ వైపు చూడలేక తలదించుకున్నాడు.

బొమ్మలు మొదలుపెట్టాం. ప్రతిదానికీ తగాదానే. ఇది మాదంటే మాదన్నారు. గడపకు ఎన్ని మెట్లు, దండెం ఏ వైపు, కప్పు మోసే మొగురం వంకరా కాదా అని వాదులాడుకున్నారు. నేను కొలతలు చెప్పి తేల్చాను. ఒక్కో ఇల్లు తేలినప్పుడు ఆ ఇంటివాళ్ళు లేచి టీవీ దగ్గరికి పోయి, దగ్గరికి పోతే గళ్ళు తప్ప ఏమీ కనపడక, మళ్ళీ వెనక్కి వచ్చి చూసేవారు. నలభై దాటాయి, యాభై దాటాయి. పచ్చగేటు రాలేదు. అది రాదని నాకు తెలుసు. 61 బొమ్మలూ ఇంట్లోనే చూసుకుని వచ్చాను. అందులో ఆ ఇల్లు లేదు. అన్నీ అయ్యాక అతనికి ఒక్కడికే పక్కకు పిలిచి చెబుదామని మాటలు కూడా కుదుర్చుకున్నాను.

యాభై ఎనిమిదో బొమ్మ వచ్చింది. డాబా ఇల్లు, పక్కన ఒక చెట్టు. ముందు గేటు, గేటు మీద ఆరేసిన పచ్చటి చీర. ఆ సైజులో చీర చీరలాగా కనపడదు. పచ్చగా ఒక మచ్చ, అంతే. ఆ ఇంటివాళ్ళు కాగజ్‌నగర్‌లో పేపరు మిల్లు మళ్ళీ తెరిచాక పని కోసం అక్కడికి పోయారు. హాల్లో లేరు. ఎవరిదో చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"గిదే," అన్నాడు అతను. లేచి నిలబడ్డాడు. "గిదే కదనే మనది. పచ్చ గేటు."

భార్య బొమ్మ వైపు చూసింది. అతను ముందుకు పోలేదు. ఉన్నచోటు నుంచే వేలితో గాలిలో లెక్కపెట్టాడు.

"మూడు కిటికీలని చెప్తివి. రెండే కనవడ్తున్నయి."

"మూడోది చెట్టు సాటుకున్నది," అన్నది ఆమె.

తొమ్మిదడుగుల సందు. అందులో చెట్టు లేదు. చెట్టుకు చోటే లేదు. అది నాకే కాదు, ఆ హాల్లో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. ఆ సందులో ఎడ్లబండి తిరగదని ముప్పై ఏళ్ళు తిట్టుకున్నవాళ్ళే అందరూ. దండెం కుడివైపా ఎడమవైపా అని అరగంట కిందట కొట్టుకున్నంత పని చేసినవాళ్ళే. ఎవరో ఒకరు ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూశాను. ఎవరూ అనలేదు. బావికాడి పెద్దవ్వ కర్ర మీద గడ్డం ఆనించి, టీవీ వైపు ఒకసారి చూసి, "గదే, ఇంకేంది, పచ్చగ కనవడ్తలేదా," అని, పక్కామెతో తన గోడు తాను చెప్పుకోవడం మొదలుపెట్టింది. దాంతో అందరూ తలలూపారు. అరవై డెబ్బై మంది. ముందుగా మాట్లాడుకున్నది కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది కూడా లేదు.

అతను నా వైపు తిరిగాడు.

"నువ్వే కొలిచినవు గదన్నా. గిదేనా?"

నా జీవితంలో ఎవరికీ తప్పు లెక్క చెప్పలేదు. ఒక్క ఇటుక ఎక్కువా తక్కువా చెప్పలేదు.

"మీ ఇల్లు ఇరవై నాలుగు, ముప్పై ఒకటి తమ్మీ," అన్నాను.

అది వాళ్ళ ఇంటి కొలతే. నిజమైన కొలతే. అతను దాన్ని బొమ్మకు కలిపి విన్నాడు. "ఇరవై నాలుగు, ముప్పై ఒకటి," అని తనలో తాను అనుకుని కూర్చున్నాడు. కూర్చుని, "మంచిగున్నది," అన్నాడు. ఆమె మాత్రం నా వైపు చూడలేదు, టీవీ వైపూ చూడలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

మిగిలిన మూడు బొమ్మలు ఎవరివో ఎట్లా తేల్చానో నాకు గుర్తులేదు.

ఆమె తర్వాత ఒకసారి దుకాణానికి వచ్చింది. కూర్చోలేదు. అతను ఆ బొమ్మను స్టూడియోలో ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా చేయించి గోడకు పెట్టుకున్నాడని చెప్పింది. దగ్గర నుంచి చూస్తే గళ్ళేనట, తలుపు దగ్గర నిలబడి చూస్తాడట. చూసినప్పుడల్లా ఇంకో సంగతి అడుగుతాడట. మెట్టు మీద కనపడుతున్నది ఏంది, చెట్టు ఏం చెట్టు అని. ఏదో ఒకటి చెబుతున్నానన్నది. నేను అడగకుండానే అన్నది: "ఏంజెయ్యాలన్నా. అందరియ్యి ఒక్కొక్కటి దొరుకుతున్నయి. ఆయన్ది లేదని ఎట్ల చెప్పాలె. కట్టింది నేను. పైసలు పంపింది ఆయన. నేను రెండేండ్లు అందుల పన్న. ఆయన ఒక్క దినం పండలే." అని, నేనేదో అనేలోపే మెట్లు దిగి ఆటో ఎక్కింది.

కాగజ్‌నగర్ ఆయన ఒక నెల తర్వాత ఫోన్ చేశాడు. తమ ఇల్లు దొరికిందా అని. అబద్ధం చెప్పే ఓపిక నాకు అప్పటికి లేదు. దొరికింది, కానీ ఇట్లా జరిగింది అని మొత్తం చెప్పాను. వెనక మిల్లు సైరన్ వినపడింది.

"మా చీరనే గదా గేటు మీద," అన్నాడు.

అవునన్నాను. నీకూ ఒకటి పంపిస్తాను, అదెంతసేపు, మీట నొక్కితే వస్తుంది, వాళ్ళ దగ్గర ఉన్నది ఉంటుంది, నీ దగ్గరా ఉంటుంది అన్నాను.

"నాకు పంపకు," అన్నాడు. "పంపితే నేను ఊకుంటనా. మా ఇల్లని స్టేటస్‌ల పెడ్త. గా తమ్ముడు జూస్తడు. ఆల్లనే ఉంచుకోనీ." ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "గానీ నీ లెక్కల మాత్రం మాది దొరకనట్టే ఉంచు. నాకు బాకీ ఉన్నవు నువ్వు. ఎన్నడన్న అడుగుత."

సరేనన్నాను.

ఆ తర్వాత పాత పెళ్ళి వీడియోల్లో, బారసాల ఫోటోల్లో మనుషుల వెనక కనపడిన ఇళ్ళను కత్తిరించి ఇంకో తొమ్మిది కూడగట్టాను. వాటన్నిటినీ జేపీజీలోకి మార్చి పేజీలో పెట్టాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన అంకె వేసి, ఒక్కొక్కటి విడిగా మార్చి, ప్రతిసారీ అసలుది ఉందో లేదో చూసుకుని. పేజీలో పచ్చగేటు అన్న పేరు కింద రెండు కిటికీల ఇల్లు ఉంది. మస్కట్ నుంచి, దుబాయి నుంచి మావాళ్ళు దాన్ని తెరిచి చూస్తారు. ఊరివాళ్ళే. ఇప్పటిదాకా ఎవరూ తప్పని రాయలేదు.

పేజీ లెక్క ప్రకారం 137లో తొమ్మిది పోగా ఇంకా దొరకాల్సిన ఇళ్ళు 128. కాలనీలో ఎవరడిగినా నేను చెప్పేది అదే. పేజీలో పచ్చగేటు దొరికిన వాటిలో ఉంది. కాగజ్‌నగర్ ఇల్లు దొరకని వాటిలో ఉంది. ఒకటి అటు, ఒకటి ఇటు మారాయి కాబట్టి కూడిక తప్పు కాలేదు. కానీ నేను ఇవ్వాల్సింది అది కాదు. పచ్చగేటు ఇంటికి దాని ఫోటో నేను ఇవ్వలేదు. కాగజ్‌నగర్ ఆయనకు ఉన్న ఫోటో ఇవ్వలేదు. ఆయన ఆ 128లో ఉన్నాడు, పచ్చగేటు లేదు. నా లెక్కలో ఇద్దరూ ఉన్నారు.

129.